పుల్లరి నుంచి స్టైలో దాకా: దక్కను మేత భూముల పునరుద్ధరణ చరిత్ర

తెలుగువారి వీరగాథలలో కాటమరాజు కథకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. పలనాటి వీరచరిత్రలో కలహానికి కోడిపందెం నిమిత్తమైతే, కాటమరాజు కథలో యుద్ధానికి నిమిత్తమైనది పచ్చగడ్డి. పదమూడవ శతాబ్దపు సంఘటనల చుట్టూ అల్లుకొన్న ఈ కథాచక్రంలో, ఆలమందలతో తరలివచ్చిన యాదవ నాయకుడు నెల్లూరు సీమ పాలకుడైన నల్లసిద్ధి ఏలుబడిలోని బీళ్ళలో పశువులను మేపుకొనేందుకు ఒడంబడిక చేసుకొంటాడు. మేతకు ప్రతిఫలంగా చెల్లించవలసినది పుల్లరి. వానలు వెనుదీసి బీళ్ళు ఎండిపోయినపుడు, లేని గడ్డికి పుల్లరి ఎందుకు చెల్లించాలన్న ప్రశ్న తలెత్తుతుంది. ఆ ప్రశ్నే ఉభయ పక్షాల వీరులను రణరంగానికి నడిపిస్తుంది.

పుల్లు అంటే గడ్డి; అరి అంటే పన్ను. ఈ చిన్న మాట మన మేత భూముల చరిత్రను ఏడు శతాబ్దాల పొడవునా వెంటాడింది. పల్నాటి రైతులు 1921-22 సంవత్సరాలలో ఆంగ్ల ప్రభుత్వాన్ని ఎదిరించినపుడు కూడా వారి నోట వినిపించిన మాట ఇదే. గడ్డి ఎవరిది, మేతకు ఎవరు ఎంత చెల్లించాలి అన్న రెండు ప్రశ్నలు ఈ చరిత్రలో మొదటి నుంచీ ఉన్నాయి. ఇరవయ్యవ శతాబ్దంలో వీటికి మూడవ ప్రశ్న ఒకటి తోడైంది. అతిగా మేయడం వల్ల బోడిగా మారిన బీడును మేలు రకపు గడ్డి విత్తనంతో మళ్ళీ పచ్చబరచవచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించారు. అయితే ఆ విత్తనం వేరూనే వరకు మందలను ఎవరు, ఎక్కడ, ఎంతకాలం ఆపాలి? విత్తనం చరిత్రను గురించి మన నివేదికలు చాలా చెబుతాయి. ఆగవలసిన వారి చరిత్రను గురించి చెప్పేది తక్కువ. ఈ వ్యాసం ఆ రెండింటినీ కలిపి చూసే ప్రయత్నం.

బీడు ఎలా బోడి అవుతుంది

మేత భూమికి మన భాషలో పేర్లకు కొదవ లేదు. కంచ, బీడు, పచ్చిక బయలు అన్నవి జనం మాటలు. మేత పోరంబోకు అన్నది మద్రాసు రాష్ట్రపు రెవెన్యూ దస్త్రాల మాట. గైరాన్ అన్నది నిజాం రాజ్యంలో వాడుకలో ఉండి నేటికీ తెలంగాణ గ్రామాలలో వినిపించే మాట. పేర్లు ఇన్ని ఉన్నా, ఇవన్నీ వ్యవసాయానికి పెద్దగా పనికిరాని, ఊరందరి పశువులకూ ఆధారమైన భూములే.

దక్కను పీఠభూమిలో సహజంగా పెరిగే గడ్డి జాతులను భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1973లో ప్రచురించిన గ్రంథంలో దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ అనే శాస్త్రవేత్తలు సెహిమా-డైకాంథియం అనే వర్గంలో చేర్చారు. దేశం మొత్తం పచ్చికను వారు విభజించిన ఐదు వర్గాలలో ఇది ఒకటి. సెహిమా, డైకాంథియం రెండూ బహువార్షికాలు. పశువులు ఇష్టంగా తినే మెత్తని గడ్డి జాతులు. వాటికి ముప్పు కలగడానికి కారణం కూడా ఆ రుచే. పశువు ముందుగా మంచి గడ్డినే వెతికి కొరుకుతుంది. కొరుకుడు మితిమీరినపుడు ఆ జాతులు క్షీణించి, ముల్లువంటి గింజలుండే హెటెరోపోగాన్ వంటి మోటు గడ్డి వాటి చోటును ఆక్రమిస్తుంది. ఇంకా ఒత్తిడి పెరిగితే అదీ పోయి, వానకు మొలిచి నెల తిరక్కుండానే ఎండిపోయే అల్పజాతులు మిగులుతాయి. ఆ తరువాత మిగిలేది గులకరాయి.

ఈ పతనంలో ఒక కాల రహస్యం ఉంది. వేసవి అంతా నిద్రించిన గడ్డిదుబ్బు తొలకరికి వేసే చిగురు, వేళ్ళలో దాచుకొన్న ఆహారాన్ని ఖర్చుచేసి వేసే చిగురు. ఆ ఆకు పెరిగి, ఎండను గ్రహించి, తీసుకొన్న అప్పును వేళ్ళకు తిరిగి చెల్లించడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలోనే పశువు నోరు పడితే దుబ్బు బలహీనపడుతుంది. ఏటేటా పడితే చస్తుంది. కనుక పచ్చికకు విరామం అత్యవసరమైన కాలం తొలకరి. కానీ వేసవిలో ఎండుకంపలు నమిలి బక్కచిక్కిన మందకు పచ్చిమేత అత్యవసరమయ్యే కాలం కూడా అదే. గడ్డి అవసరానికీ గొల్లవాని అవసరానికీ మధ్యగల ఈ ఘర్షణను ఏ మేలు రకపు విత్తనమూ తనంతట తాను తీర్చలేదు.

కావళ్ళు, కొరంగాడులు

ఈ ఘర్షణను పూర్వులు ఎరుగనివారు కారు. మైసూరు రాజ్యంలోని అమృతమహల్ కావళ్ళు అందుకు నిదర్శనం. వొడెయార్ల కాలంలో వెన్న కోసం ఏర్పడిన రాచమందలను హైదరాలీ సైనిక రవాణాకు వినియోగించాడు. టిప్పు సుల్తాను ఆ శాఖకు అమృతమహల్ అని పేరు పెట్టాడు. వేగానికీ ఓర్పుకూ పేరొందిన ఆ ఎద్దులు యుద్ధరంగానికి ఫిరంగులను, సామగ్రిని లాగుకొనిపోయేవి. ఆ మందలకు కేటాయించిన పచ్చిక బయళ్ళే కావళ్ళు. వాటిని వేసవి కావళ్ళు, వానకాలపు కావళ్ళు, శీతకాలపు కావళ్ళు అని మూడు తరగతులుగా విభజించి, ఋతువును బట్టి మందను ఒక చోటి నుంచి మరొక చోటికి నడిపేవారు. ఒక కావలి మేతకు తెరచి ఉన్నపుడు మరొకటి విశ్రాంతి తీసుకొనేది. శాస్త్రజ్ఞులు తరువాతి కాలంలో ఆవృత్త మేపు అని పిలిచినది ఇదే. అనంతపురం సరిహద్దును ఆనుకొన్న చిత్రదుర్గం జిల్లాలో ఈ కావళ్ళు విస్తారంగా ఉండేవి.

కావళ్ళ వెనుక రాజదండం ఉన్నది. అది లేని చోట కూడా విరామం సాధ్యమేనని తమిళనాడులోని కంగేయం ప్రాంతం చూపుతుంది. అక్కడి కొరంగాడు అనే మేత చేలు రైతుల సొంత భూములు. ముళ్ళ కిలువై మొక్కలతో సజీవమైన కంచె, మధ్యమధ్య నీడకూ కాయకూ తెల్లతుమ్మ చెట్లు, నేల మీద కొళుక్కట్టై పుల్ అనే గడ్డి; ఇదీ కొరంగాడు స్వరూపం. తమిళుల పుల్, మన పుల్లరిలోని పుల్లు ఒక్కటే మాట. ఆ గడ్డి వేరేదీ కాదు, ఉత్తర భారతంలో అంజన్ అనే పేరుతో ప్రసిద్ధమైన సెంక్రస్ జాతి. వర్షపాతం తక్కువైన ఆ మెట్ట సీమలో కంగేయం పశుజాతి ఇన్ని తరాలు నిలవడానికి ఈ కంచె వేసిన మడులే ఆధారం. ఒక మడిలో మేపుతూ మరొక మడికి విశ్రాంతినివ్వడం అక్కడ ఎవరూ నేర్పనక్కరలేని వ్యవహారం.

రెండు ఉదాహరణలలోనూ గడ్డి జాతి కంటె ముందు గమనించవలసినది, ఎవరు ఆగాలో నిర్ణయించే అధికారం స్పష్టంగా ఉండటం. ఒకచోట రాజు, మరొకచోట పట్టాదారు. ఊరుమ్మడి బీడు విషయంలో ఆ అధికారం ఎవరిది?

కంచె వచ్చింది, విత్తనం రాలేదు

ఈ ప్రశ్నకు ఆంగ్ల ప్రభుత్వం ఇచ్చిన సమాధానం అటవీ చట్టం. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద కొండలు, అడవులే కాక వాటి అంచున ఉన్న మేత భూములు కూడా రిజర్వులలో చేరాయి. మేపుకు పర్మిట్టు, పర్మిట్టుకు రుసుము, రుసుము చెల్లించని పశువు బందెలదొడ్డికి. ఈ క్రమం గ్రామీణ జీవితంలో స్థిరపడింది. సదుద్దేశాలు ఆనాడు లేకపోలేదు. భారత వ్యవసాయ పరిస్థితులను పరిశీలించడానికి 1889లో వచ్చిన వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్త, 1893లో ప్రచురితమైన తన నివేదికలో, ఊళ్ళకు దగ్గరగా వంటచెరకూ మేతా సమకూర్చే వనాలను పెంచాలని గట్టిగా వాదించాడు. వంటచెరకు దొరికితే పేడ పిడకలు కాకుండా పొలానికి ఎరువవుతుందన్నది ఆయన తర్కం. కాని ఆచరణలో ప్రజలకు ముందుగా కనిపించింది మేత కాదు, కంచె. విత్తనం చేతికి రాకముందే విరామం నెత్తిన పడింది.

దాని పర్యవసానమే పల్నాటి పుల్లరి సత్యాగ్రహం. సహాయ నిరాకరణోద్యమం సాగుతున్న రోజులలో, 1921లో, పల్నాటి గ్రామాల ప్రజలు పుల్లరి చెల్లించడం మానివేసి పశువులను రిజర్వు అడవులలోకి తోలారు. అధికారులకు సహకరించేది లేదన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద జరిగిన కాల్పులలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగాడు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఈ ఘట్టాన్ని మనం వీరగాథగా స్మరిస్తాం, అది ఉచితమే. మేత భూముల చరిత్రలో దీనికి మరొక అర్థం కూడా ఉంది. విరామం ఎంత శాస్త్రీయమైనదైనా, దాని భారం మోసేవారిని సంప్రదించకుండా విధించినపుడు అది పన్నుగానే అనిపిస్తుంది.

లిన్‌లిత్‌గో అధ్యక్షతన 1926లో నియమితమై 1928లో నివేదిక సమర్పించిన రాయల్ వ్యవసాయ కమిషన్ దృష్టిని ఈ సమస్య ఆకర్షించింది. మేత భూముల విస్తీర్ణాన్ని పెంచేందుకు అవకాశం స్వల్పమని, ఉన్న భూముల ఉత్పాదకతను పెంచడమే మార్గమని ఆ కమిషన్ భావించింది. విస్తీర్ణం నుంచి ఉత్పాదకత వైపు జరిగిన ఈ మలుపు తరువాతి శతాబ్దపు ఆలోచనలకు దారి చూపింది. ఇక అడగవలసినది ఏ గడ్డి అన్న ప్రశ్న.

విజ్ఞానం తెచ్చిన విత్తనాలు

స్వాతంత్ర్యానంతరం ఈ ప్రశ్నకు సంస్థాగతమైన సమాధానం లభించింది. ఎడారి విస్తరణను అరికట్టేందుకు 1952లో జోధ్‌పూర్‌లో నెలకొల్పిన కేంద్రం 1959 నాటికి కేంద్రీయ శుష్క మండల పరిశోధనా సంస్థగా రూపొందింది. 1957లో ఆర్.ఓ. వైట్ భారతదేశపు పచ్చిక, పశుగ్రాస వనరులపై సమగ్ర గ్రంథం రచించాడు. 1962లో ఝాన్సీలో భారత పచ్చిక, పశుగ్రాస పరిశోధనా సంస్థ వెలసింది. అంజన్, ధామన్, సేవన్ వంటి దేశవాళీ గడ్డి జాతులలో నుంచి అధిక దిగుబడినిచ్చే రకాలను ఎంపికచేయడం, వాటి తేలికపాటి నూగు విత్తనాలు గాలికి కొట్టుకుపోకుండా మట్టితో ఉండలు చేసి చల్లడం, గడ్డితోపాటు పప్పుజాతి మేతను కలిపి పెంచడం వంటి పద్ధతులను ఈ సంస్థలు రూపొందించాయి.

ఇక్కడ ఒక విషయం చెప్పవలసి ఉంది. జోధ్‌పూర్ శాస్త్రజ్ఞులు పడమటి రాజస్థానంలో కంచె వేసిన మడులను పరిశీలించినపుడు, కొత్త విత్తనం చల్లకపోయినా, మేపును నియంత్రించినంత మాత్రాన కొన్నేళ్ళలో గడ్డి దిగుబడి గణనీయంగా పెరగడం గమనించారు. నేలలో దుబ్బుల అవశేషాలు మిగిలి ఉన్నచోట విరామమే విత్తనం. అవశేషాలు కూడా అంతరించిన చోట మాత్రమే కొత్త విత్తనం అనివార్యం. ఈ తేడాను గుర్తించని పథకాలలో విత్తనానికి వెచ్చించిన సొమ్ము వృథా కావడానికి ఆస్కారం ఎక్కువ.

దక్కను బీళ్ళకు అనువైనదిగా పేరు పొందిన మేత మొక్క స్టైలో. ఇది గడ్డి కాదు, పప్పుజాతికి చెందినది. పసుపుపచ్చని చిన్న పూలు పూస్తుంది. గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెలలో స్థిరీకరించి నేలను సారవంతం చేస్తుంది. ఎండు గడ్డిలో కొరవడే మాంసకృత్తులను పశువుకు అందిస్తుంది. మధ్య, దక్షిణ అమెరికాల నుంచి ప్రపంచమంతా వ్యాపించిన ఈ జాతికి ఆస్ట్రేలియాలో ఒక గుణపాఠం కూడా ఉంది. ఇరవయ్యవ శతాబ్దారంభంలో టౌన్స్‌విల్ రేవు పరిసరాలలో కనిపించిన ఒక స్టైలో జాతి ఉత్తర ఆస్ట్రేలియా పచ్చిక బయళ్ళకు వరంగా భావింపబడి లక్షల ఎకరాలలో పరచుకొంది. 1970 దశకంలో ఆంత్రక్నోస్ అనే శిలీంధ్రపు తెగులు సోకి అది దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తెగులును తట్టుకొనే వెరానో రకం 1973లో, సీకా రకం 1976లో అక్కడ విడుదల అయ్యాయి. ఒకే జాతి మీద సంపూర్ణంగా ఆధారపడరాదన్నది ఆ అనుభవ సారం.

వెరానో ఏ జాతికి చెందినదో ఆ హమాటా స్టైలోకు మన అనంతపురం జిల్లాతో నిజమైన బంధం ఏర్పడింది. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఆ జిల్లాలో కొన్ని గ్రామాల రైతులు స్టైలో విత్తనోత్పత్తిని చేపట్టారు. వేరుశనగ చేతికి వస్తుందో రాదో తెలియని నేలలో అది వారికొక ఆదరువయింది. మొక్క కోసిన తరువాత నేల మీద రాలిన గింజలను ఊడ్చి, చెరిగి, శుభ్రపరచి అమ్మడం వారి పద్ధతి. దేశంలోని వివిధ రాష్ట్రాల బంజరు భూముల అభివృద్ధి పథకాలకు, వాటర్‌షెడ్ పథకాలకు ఆ విత్తనం తరలిపోయింది. గింజ పైపొర గట్టిది కనుక 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి చల్లితే గాని మొలక సరిగా రాదు. ఎక్కడో కరీబియన్ తీరాన పుట్టిన మొక్క మన సీమ స్త్రీల చేటలలో నుంచి దేశమంతటా వ్యాపించడం ఇటీవలి వ్యవసాయ చరిత్రలో చెప్పుకోదగిన అధ్యాయం.

మొక్క ఎంపికలో పొరపాటు జరిగితే ఏమవుతుందో కచ్ఛ్‌లోని బన్ని పచ్చిక బయళ్ళు తెలియజేస్తాయి. సుమారు రెండున్నర వేల చదరపు కిలోమీటర్ల ఆ మైదానం మాల్‌ధారీ పశుపాలకులకు జీవనాధారం. ఉప్పు ఎడారి ముందుకు జరగకుండా అడ్డుకోవడానికి 1961లో అక్కడ 31,550 హెక్టార్లలో ప్రోసోపిస్ జూలిఫ్లోరాను నాటారు. మనవారు సర్కారు తుమ్మ అని పిలిచే మొక్క అదే. పేరులోనే దాని చరిత్ర ఉంది. పశువులు కాయలను తిని గింజలను దూరదూరాలకు విసర్జించాయి. కొన్ని దశాబ్దాలలో తుమ్మ గడ్డిని కమ్మివేసింది. పచ్చికను కాపాడటానికి వచ్చిన మొక్క పచ్చికనే మింగింది. ఇటువంటి కథ ఒక్క తుమ్మకే పరిమితం కాదు. మనం మేలురకమని ఆదరించే అంజన్ గడ్డి ఆస్ట్రేలియాలో అదుపు తప్పి వ్యాపించి దావానలాలకు ఇంధనమవుతున్నందున, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2015లో దానిని కలుపు మొక్కగా ప్రకటించింది. మేలు రకం అన్నది మొక్కకు సహజమైన గుణం కాదు. ఆ మొక్కకూ, ఆ నేలకూ, ఆ మందకూ మధ్య కుదిరే పొందిక.

ఒక దస్త్రం జ్ఞాపకం

ఇంతవరకు చెప్పినది గ్రంథస్థమైన చరిత్ర. ఇందులో నా భాగస్వామ్యం కూడా కొంత ఉన్నది గనుక దానిని దాచడం ధర్మం కాదు. సుమారు పదిహేనేళ్ళ క్రితం రాయలసీమలో ఒక కొండవాలు మేత పోరంబోకును బాగుచేసే పని నా పర్యవేక్షణలో జరిగింది. కందకాలు తవ్వించి, అంజన్, స్టైలో విత్తనాలు చల్లించి, మూడేళ్ళపాటు మేపు నిషేధిస్తూ వచ్చిన గ్రామసభ తీర్మానాన్ని ఆమోదించాను. విత్తనం చల్లిన రోజున ఒక వృద్ధ గొర్రెల కాపరి నా దగ్గరకు వచ్చి అడిగిన మాట నాకు నేటికీ జ్ఞాపకమే.

"విత్తనం తెచ్చినారు, మంచిదే సార్. ఈ మూడేండ్లు నా గొర్రెలు యాడికి పోవల్ల?"

ఊరందరూ కలిసి చేసిన తీర్మానమని చెప్పాను. ఆ సభలో గొర్రెలున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారని ఆయన అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆఫీసుకు వచ్చి తీర్మానం కింది సంతకాలను చూశాను. దాదాపు అన్నీ పొలాలున్న రైతులవి. సభ జరిగిన నాడు కాపరులు మందలతో పొరుగు జిల్లాలో ఉన్నారట.

రెండవ వర్షాకాలానికి స్టైలో మోకాలెత్తు పెరిగి పసుపు పూలు పూసింది. ఆ పచ్చదనాన్ని చూసి ఛాయాచిత్రాలు తీయించాం. తరువాతి వేసవిలో ఒక రాత్రి కంచె తెగింది. వారం దినాలలో కొండవాలు మళ్ళీ గులకరాయి అయింది. ప్రజల సహకారం కొరవడినందున పథకం ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదని నివేదిక రాశాను. చరిత్ర చదువుకొన్నవాడిని గనుక, నూరేళ్ళ కిందట రిజర్వు అడవి అంచున నిలిచిన ఉద్యోగి కూడా ఇంచుమించు ఇటువంటి వాక్యమే రాసి ఉంటాడని ఆ తరువాత చాలా కాలానికి తట్టింది. కొరవడినది సహకారం కాదు. మూడేళ్ళ ఉపవాసాన్ని ఊరిలో అత్యంత నిరుపేదల మీద మోపి, పంటను అందరికీ పంచాలనుకొన్నాం.

నీటితో కట్టిన కంచె

ఇటువంటి చిక్కును విప్పిన ఉదాహరణ మన దేశంలోనే ఉంది. హర్యానాలో శివాలిక్ కొండల పాదాన ఉన్న సుఖోమాజ్రీ చిన్న గ్రామం. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు పూడికకు కారణాన్ని అన్వేషిస్తూ కేంద్రీయ మృత్తికా, జల సంరక్షణ పరిశోధనా సంస్థకు చెందిన పి.ఆర్. మిశ్రా 1970 దశకం మధ్యలో ఆ గ్రామానికి చేరుకొన్నాడు. బోడి కొండల మీద మేకల మేపు కారణంగా కోతకు గురైన మట్టే సరస్సులో చేరుతున్నది. కొండను మూసివేయమని చెబితే గ్రామస్థులు వినలేదు. చిన్న కట్ట కట్టి వాననీరు నిలిపి పొలాలకు పారించినపుడు విన్నారు. ఆ నీటిలో భూమి లేనివారితో సహా ప్రతి కుటుంబానికీ సమాన వాటా ఉండాలని, తన వాటాను వాడుకోలేనివారు ఇతరులకు ఇచ్చి ప్రతిఫలం పొందవచ్చునని ఊరు నిర్ణయించుకొంది. దానికి బదులుగా కొండ మీద స్వేచ్ఛగా మేపడం మానుకొన్నారు. మేకల సంఖ్య తగ్గి, కట్టివేసి మేపే గేదెల సంఖ్య పెరిగింది. కొండ మీద భాబర్ గడ్డి దట్టంగా లేచింది. దానిని కోసుకొనే హక్కు గ్రామ సంఘానికి దక్కింది. ముళ్ళతీగ అవసరం లేని ఈ ఏర్పాటు సామాజిక కంచె అనే పేరుతో ప్రసిద్ధి చెందింది.

కాలక్రమంలో అక్కడి ఉత్సాహం కొంత సన్నగిల్లిన మాట నిజమే. అయినా ఆ ప్రయోగం నేర్పిన సూత్రం చెక్కుచెదరలేదు. విరామాన్ని కోరేవారు, ఆ విరామ కాలంలో ఆగవలసినవారికి ముందుగా ఏదో ఒక ఆధారాన్ని చూపాలి. సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1994లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1995 నుంచి అమలులోకి వచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు గ్రామ సంఘాలకు, వినియోగదారుల బృందాలకు ప్రాధాన్యం కల్పించడంలో ఇటువంటి అనుభవాల ప్రభావం కనిపిస్తుంది.

తరిగిన బీడు, పెరిగిన బాధ్యత

ఈలోగా మరొక మార్పు జరిగిపోయింది. ఏడు రాష్ట్రాలలోని 82 గ్రామాలను అధ్యయనం చేసిన ఎన్.ఎస్. జోధా, 1950 దశకపు తొలినాళ్ళకూ 1980 దశకపు తొలినాళ్ళకూ మధ్య ఊరుమ్మడి భూములలో సుమారు మూడవ వంతు నుంచి సగం వరకు అంతరించాయని వెల్లడించాడు. ఆయన పరిశీలించిన రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కొంత భూమి పట్టాల పంపిణీకి, కొంత ఆక్రమణలకు, కొంత ప్రభుత్వ అవసరాలకు పోయింది. అమృతమహల్ కావళ్ళది కూడా ఇదే దారి. చిత్రదుర్గం జిల్లా చళ్ళకెరె వద్ద సుమారు 10,000 ఎకరాల కావలి భూమిని 2010 ప్రాంతంలో శాస్త్ర, రక్షణ సంస్థలకు కేటాయించారు. దేశానికి ఆ సంస్థల అవసరం ఉన్నది. అయితే భూమి విస్తీర్ణం తరిగినకొద్దీ మిగిలిన బీడు మీద మంద ఒత్తిడి పెరుగుతుందన్న లెక్క కూడా అంతే నిజం. అతిగా మేపడమన్న నేరాన్ని కాపరి మీద మోపే ముందు, ఆతని మేత భూమి ఎంత తరిగిందో చూడాలి.

చట్టం ఈ దిశలో కొంత ముందడుగు వేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం మేపు హక్కును, సంచార పశుపాలకుల ఋతు సంబంధమైన రాకపోకలను సముదాయ హక్కులుగా గుర్తించింది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించేందుకు పథకాలు రూపొందించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక బయళ్ళ, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. ఆ శీర్షికలో పచ్చిక బయలు, పశుపాలకుడు పక్కపక్కన నిలవడం అర్థవంతం. మన దస్త్రాలలో అవి ఇంతకాలం వేరువేరు శాఖలలో ఉన్నాయి.

కాటమరాజు కథలో మేతకు ఒడంబడిక ఉన్నది. గడ్డి ఎండిన ఏడు ఏమి చేయాలన్న విషయంలో మాత్రం ఉభయులకూ ఒక్క మాట లేకపోయింది. పల్నాటిలో కంచె ఉన్నది, ఒడంబడికే లేదు. నా కొండవాలు మీద విత్తనమూ కంచె రెండూ ఉన్నా, ఒడంబడికలో కాపరి లేడు. మేలు రకపు పచ్చిక నేడు కొరత కాదు. ఝాన్సీ, జోధ్‌పూర్ సంస్థల కృషి వల్లనూ, అనంతపురం రైతుల శ్రమ వల్లనూ విత్తనం లభిస్తుంది. మూసివేత ఉత్తర్వుకు జతపరచే పట్టికలో విత్తనం ఎన్ని కిలోలు, కందకం ఎన్ని మీటర్లు అన్న గడులు ఎప్పుడూ ఉంటాయి. వాటి పక్కన మరి రెండు గడులు చేర్చాలి: ఈ బీడు మీద ఆధారపడిన మందలు ఎన్ని, అవి ఈ మూడేళ్ళూ ఎక్కడ మేస్తాయి. ఆ రెండు గడులు నిండిన తరువాతనే ఉత్తర్వు మీద సంతకం చేయడం నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను. ఈ పత్రికను చదివే అధికారులలో ఎవరి బల్ల మీదనైనా నేడు అటువంటి దస్త్రం ఉంటే, సంతకానికి ముందు ఒకసారి కాపరులు ఊళ్ళో ఉన్న రోజు ఏదో కనుక్కొని, ఆ రోజున సభ పెట్టించవలసిందిగా నా విన్నపం.